నీలం దారం లేనివాళ్లు

అంకెలను చూసి భయపడ్డానంటే నవ్వుతారు. స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చేసి, ఇక బతికినంతకాలం ఆ అంకెలతోనే అని నిర్ణయించుకున్నదాన్ని. అయినా తొంభైలలో ఒక ఎండాకాలం మొదట్లో, ఆత్మకూరులో మేము ఆఫీసుగా వాడుకుంటున్న పాత మిద్దెలో కూర్చుని ఒక ల్యాబ్ ఫలితం చూస్తుంటే నాకు ఒళ్లు జలదరించింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది. బస్టాండు గోల వినిపిస్తూనే ఉంది. కాగితం మీద మాత్రం ఉండకూడనిది ఏదో ఉంది.

మాది క్షయ సర్వే. ఆత్మకూరు నుంచి ఉదయగిరి మీదుగా సీతారామపురం కొండల దాకా, చీటీలు తీసి ఎంచుకున్న పల్లెల్లో టీబీ ఎంత ఉందో తేల్చాలి. మేం నలుగురం. యాభై దాటిన డాక్టరుగారు, మైక్రోస్కోపు దగ్గర కూర్చునే టెక్నీషియను, జీపు డ్రైవరు, లెక్కలకి నేను. పల్లెకి వెళ్లి పెద్దవాళ్లందరికీ మనిషికొక మూత డబ్బా ఇచ్చి వస్తాం. వాళ్లు తెల్లారి లేవగానే దగ్గి, వచ్చిన కళ్లె అందులో ఊయాలి. దాన్ని తెచ్చి గాజు పలక మీద పూసి, రంగు వేసి చూస్తారు. నీలం నేల మీద సన్నటి ఎర్ర పుల్లలు కనబడితే జబ్బు ఉన్నట్టు.

డాక్టరుగారికి నా చదువు మీద పెద్ద గౌరవం లేదు. "మనిషికి జబ్బు ఉంటాది, లేకుంటే లేదు. మధ్యలో నీ సంభావ్యత ఏందమ్మా?" అని ఏడిపించేవారు. నాకేమో ఆ మధ్యలోదే ఇష్టం. నా లెక్కలో ప్రతి మనిషీ ఒక నాణెం. బొమ్మ చాలా అరుదుగా పడే నాణెం. ఒక పల్లెలో ఒక్కటీ పడదు, ఇంకో పల్లెలో ఒకటి పడుతుంది, ఎక్కడో రెండు. ఎన్ని పల్లెల్లో సున్నా రావాలో, ఎన్నింట్లో ఒకటి రావాలో ముందే వేసుకుని, వచ్చినవాటిని పక్కన పెట్టి చూసుకునేదాన్ని. ఆ ఎగుడుదిగుడు నేననుకున్నట్టే వస్తుంటే లోకం సక్రమంగా నడుస్తోందని నమ్మకం కలిగేది. ఆ లెక్కకి ఒకటే షరతు. ఒకరి నాణెం ఎలా పడిందన్నది పక్కవాళ్ల నాణేన్ని ముట్టుకోకూడదు.

ఆ రోజు వచ్చిన ఫలితం ఉదయగిరి దాటాక కొండ కింద ఉన్న ఒక చిన్న పల్లెది. ఒకే వీధి. వలస పోయినవాళ్లు పోగా ఊళ్లో మిగిలిన పెద్దవాళ్లు పందొమ్మిది మంది. పందొమ్మిది డబ్బాల్లోనూ జబ్బు ఉంది.

సగానికి సగం మందికి టీబీ ఉండే దిక్కుమాలిన లోకం ఒకటి ఉందనుకున్నా సరే, పందొమ్మిది నాణేలూ బొమ్మే పడటం ఐదు లక్షల పైచిలుకు సార్లలో ఒక్కసారి జరుగుతుంది. మన లోకంలో ఎన్నిసార్లలో ఒక్కసారో రాయడానికి నా కాగితం వెడల్పు చాలలేదు. టెక్నీషియను అంతకంటే పాడు మాట ఒకటి చెప్పాడు. అతను మాటకారి కాదు. కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ, "మేడం, అందరికీ ఉన్నా ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ ఉండాల గదా. ఇవన్నీ ఒకే మాదిరి ఉండాయి. ఒకే మనిషి పందొమ్మిది చోట్ల కూచున్నట్టు ఉండాది" అన్నాడు.

రంగు పాడైందేమో చూడమన్నారు డాక్టరుగారు. కొత్త రంగు కలిపి మళ్లీ చూశాడు. అదే ఫలితం. పక్క ఊరి డబ్బాలు మాత్రం శుభ్రంగా, ఎప్పటిలాగే ఉన్నాయి. "పోయి చూద్దాం పద" అన్నారాయన. ఆ సాయంత్రం ఆయన నన్ను ఏడిపించలేదు. దానికి నాకు మరీ భయం వేసింది.

ఆ పల్లెకి పడమటి పక్క కొండ గోడకట్టినట్టు ఉంటుంది. మధ్యాహ్నం దాటగానే నీడ వీధి మీదకి దిగిపోతుంది. మరునాడు మేం వెళ్లేసరికి ఆ నీడ ఇళ్ల మధ్యదాకా వచ్చి ఉంది. వీధిలో ఎవరూ లేరు. ఒక గడప ముందు చేటలో సగం చెరిగిన సజ్జలు. రోట్లో పచ్చడి, పక్కన తడి ఆరని రోకలి. ఇప్పటిదాకా ఇక్కడ మనుషులున్నారు, జీపు చప్పుడు విని లోపలికి పోయారు. అంతమందికీ టీబీ ఉన్న ఊరు దగ్గుతో మారుమోగాలి. ఒక్క దగ్గు లేదు. కోడి కూడా కూయలేదు.

"ఎవరికమ్మా దగ్గు? బయటికి రండి" అని డాక్టరుగారు గట్టిగా అడిగారు.

కాసేపటికి, వీధి చివర ఒక తడిక వెనక ఎవరో దగ్గారు. పొడి దగ్గు కాదు, లోపలి నుంచి పెగిలి వచ్చే దగ్గు. డాక్టరుగారూ నేనూ అటు నడిచాం. సగం దూరం పోగానే ఆ దగ్గు ఆగి, ఎదురింట్లో మొదలైంది. అటు తిరిగితే మా వెనక ఇంట్లో. ఆ తర్వాత దాని పక్క ఇంట్లో. మేం నిలబడిపోయాం. అప్పుడు అన్ని ఇళ్ల నుంచీ ఒకేసారి వచ్చింది, ఆడా మగా, ముసలీ ముతకా. తలుపులు ఒక్కొక్కటే తీసుకున్నాయి. గడపల మీదికి వచ్చి నిలబడి, మా ముఖాల్లోకే చూస్తూ దగ్గుతున్నారు. కోపం లేదు, వెటకారం లేదు. ముఖంలో ఏమీ లేకుండా దగ్గుతున్నారు. డ్రైవరు జీపు దిగనే లేదు, పైగా అద్దం పైకెత్తుకున్నాడు.

నాకు భయం వేస్తే కోపం వస్తుంది. చిన్నప్పటి నుంచీ అంతే. "ఇక చాలు ఆపండి! ఆ డబ్బాల్లో ఏం పోశారు మీరు?" అని అరిచాను. నా గొంతు కొండకి తగిలి తిరిగి నాకే వినిపించింది. దగ్గు ఆగింది.

ఒక అవ్వ ముందుకి వచ్చింది. తెల్లచీర, బొట్టు లేని నుదురు, వీధి మొత్తానికీ పెద్దది. వాళ్ల ప్రార్థన మందిరానికి తాళంచెవి ఆమె దగ్గరే ఉంటుందని మొదటిసారి వచ్చినప్పుడే తెలుసు. మమ్మల్ని అరుగు మీద కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, నిదానంగా చెప్పింది.

"మా ఊళ్లో వస్తువు పోతే దొంగని పట్టుకోము మ్మా. ఇంటికొక తట్ట మట్టి తెచ్చి ఒకే చోట కుప్ప పోస్తాము. తెల్లారి ఆ కుప్ప తవ్వితే వస్తువు ఉంటాది. ఎవురి తట్టలో వచ్చినాదని అడగము. తీసినోళ్లూ మా మనుషులే గదా, రేపు మొకం ఎట్ట చూసుకోవాల?"

"దానికీ దీనికీ ఏం సంబంధం అవ్వా?"

"కళ్లె గూడా అట్టే చేసినాము. అందరిదీ ఒక ముంతలో పోసి, కలిపి, మళ్లీ మీ డబ్బాల్లోకి పోసినాము."

డాక్టరుగారు నెత్తి పట్టుకున్నారు. టెక్నీషియను చెప్పింది అక్షరాలా నిజం. మైక్రోస్కోపు కింద పందొమ్మిది చోట్ల ఉన్నది ఒకే కళ్లె.

అంతకు కొన్నేళ్ల ముందు ఎవరో వచ్చి అక్కడ ఇలాగే పరీక్షలు చేశారట. జబ్బు ఉన్నవాళ్ల పేరు వీధి మధ్యలో నిలబడి గట్టిగా చదివారట. ఉన్నది ఒక్క పేరే. ఆ అవ్వ మనవరాలు, సంగం పక్క ఊరికి కోడలుగా పోయి, బిడ్డతో పుట్టింటికి వచ్చి ఉంది. పేరు సంగం చేరడానికి ఎంతసేపు? అత్తగారి వాళ్లు వచ్చి బిడ్డని తీసుకుపోయారు, ఆమెని తీసుకుపోలేదు. "మందులు ఇచ్చినారు. మాత్రలు పట్టుకోని బిడ్డ ఏదే అని అడిగేది. తినలా" అంది అవ్వ. ఎదురుగా తాళం వేసి ఉన్న ఇల్లు చూపించింది. గడపకి పసుపు రాసి, ముంగిట్లో కళ్లాపి చల్లి, మనిషి ఉన్న ఇల్లులాగే ఉంది. ఆమె పోయింది ఆ ఇంట్లోనే.

"ఇప్పుడు ఎవరికి ఉంది? నాకొక్కదానికే చెప్పు. ఎవరికీ చెప్పను" అన్నాను.

అవ్వ నావైపు జాలిగా చూసింది. "మాకూ తెలీదు మ్మా."

బట్టలుతికే బండ మీద ఒక పొద్దున నెత్తురు ఉమ్మిన గుడ్డ కనిపించిందట. వీధి వీధంతా చూసింది. ఎవరిదని ఎవరూ అడగలేదు. సాయంత్రానికి గుడ్డ లేదు. మేం డబ్బాలు తెచ్చింది ఆ తర్వాతే. "అందరికీ ఉంటే అందరికీ మందు ఇస్తారు గదా, అందర్లో ఆ జబ్బు మనిషి గూడా తింటాది అనుకున్నాము" అంది అవ్వ. అంటే ఇంతసేపూ ఆ మనుషులు దాస్తున్నది ఎవరినో వాళ్లకే తెలియదు. తల్లి కూతురి కోసం దగ్గిందో, కూతురు తల్లి కోసం దగ్గిందో తెలియదు. జబ్బు మనిషి కూడా వాళ్ల మధ్యే నిలబడి, అందరిలాగే ముఖంలో ఏమీ లేకుండా దగ్గి ఉంటుంది.

అది మామూలు మందు కాదనీ, జబ్బు లేనివాళ్లకి ఊరికే ఇవ్వకూడదనీ డాక్టరుగారు వివరించారు. ఎవరో తేలకపోతే ఆ మనిషి ఈ వానాకాలం చూడదనీ, ఈలోగా వీధిలో పసిపిల్లలకి అంటిస్తుందనీ కూడా చెప్పారు. అవ్వ అంతా విన్నది. "పేరు మాత్రం ఈ వీధిలోంచి బయటికి పోదు" అంది. అది మొండితనం కాదు. ఇంకో పిల్లని పోగొట్టుకోకూడదు, అంతే.

జీపులో వెనక్కి బయల్దేరాం. ఉదయగిరి దాటాక నాకు మట్టి తట్టలు గుర్తొచ్చాయి. వాళ్లు చేసింది పిచ్చి పని కాదు. సగం చేసి వదిలేసిన మంచి పని. అందరి మట్టీ ఒకే కుప్పలో పోశారు. ఒకటి కాకుండా ఆరు కుప్పలు పెట్టి, ఒక్కొక్కరూ వాటిలో మూడింట్లోనే పోస్తే? ఆరింటిలో మూడు ఎంచుకునే పద్ధతులు ఇరవై. ఆరు, ఐదు, నాలుగు గుణించి, ఆరుతో భాగిస్తే ఇరవై. మనుషులు పందొమ్మిది మంది. ఏ ఇద్దరికీ ఒకే మూడు రావు. ఆ మూడే ఆ మనిషి గుర్తు. కానీ అది పేరు కాదు, దాన్ని బయట చదివినా సంగం దాకా పోదు.

"పరిశోధన అంటావా దీన్ని, లాటరీ అంటావా?" అన్నారు డాక్టరుగారు. అయినా మరునాడు ఆత్మకూరు బజారులో దారపు ఉండలు కొనడానికి ఆయనే వచ్చారు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం, తెలుపు, నలుపు. రాత్రి భోజనాల వేళకి ఇరవై పోగులు ముడి వేశాను. ఒక్కో పోగులో మూడు రంగులు.

పల్లెలో ఈసారి ఎవరూ దాక్కోలేదు. అవ్వ తాళం తీసి, మనవరాలి ఇల్లే ఇచ్చింది. లోపల ఒకటే గది. గూట్లో ఆ పిల్ల దువ్వెన, రెండు గాజులు. గోడవారగా ఆరు డబ్బాలు పెట్టి, మూతలకి ఆరు రంగుల దారాలు చుట్టాం. పోగులు చేటలో పోసి పైన గుడ్డ కప్పాం. ఒక్కొక్కరూ గుడ్డ కిందికి చెయ్యి పెట్టి ఒక పోగు తీసుకుని, గుప్పిట మూసుకుని పక్కకి పోయారు. ఒంటరిగా గదిలోకి పోవాలి, తన మూడు రంగుల డబ్బాల్లో ఊసి రావాలి, పోగు ఎవరికీ చూపించకూడదు. అందరికీ అర్థమైంది. కానీ ఎవరూ కదల్లేదు. గుప్పిళ్లు మూసుకుని, ఆ తెరిచిన తలుపు వైపే చూస్తూ నిలబడ్డారు. ఆమె పోయాక ఆ గదిలోకి ఒంటరిగా ఎవరూ అడుగుపెట్టలేదట.

అవ్వ చేటలోకి చూసింది. "ఒకటి మిగిల్నాదే."

"లెక్కకి ఇరవై వస్తాయవ్వా. అది ఎవరిదీ కాదు."

"మా పిల్ల ఉండుంటే దానిది. పారెయ్యబాకు. నువ్వు తీసుకో. నువ్వు ముందు పోయి ఊస్తే మేమూ పోతాము."

పోగు తీసుకున్నాను. ఎరుపు, తెలుపు, నలుపు. గదిలోకి పోయి తలుపు దగ్గరికి వేశాను. బయట అంతమంది నిలబడి ఉన్నా ఊపిరి చప్పుడు కూడా లేదు. నా పక్కన ఇంకొకరు వంతు కోసం నిలబడి ఉన్నట్టు అనిపించింది. నేను దెయ్యాలను నమ్మను. అయినా గోడకి వీపు ఆనించే నిలబడ్డాను. దగ్గాను. పెద్ద శ్రమ లేకుండానే వచ్చింది. జీపు దుమ్ము మరి. మూడు డబ్బాల్లో ఊసి గబగబా బయటపడ్డాను. ఆ తర్వాత ఒక్కొక్కరే పోయి వచ్చారు.

ఒక్కరికే జబ్బు ఉంటే మూడు డబ్బాల్లో పుల్లలు కనబడాలి. మూడు రంగులూ వీధిలో చెబితే, ఆ మనిషికి తప్ప ఇంకెవరికీ ఏమీ తెలియదు. నా మట్టుకు నేను చాలా గర్వంగా ఉన్నాను. ఆత్మకూరులో టెక్నీషియను మైక్రోస్కోపు మీంచి తలెత్తి, "మేడం, ఐదు" అనేదాకా.

నీలం డబ్బా ఒక్కటే శుభ్రంగా ఉంది. తక్కిన ఐదింట్లోనూ ఉంది. మూడు రంగుల మనిషి ఒక్కరే ఐదు డబ్బాలు పాడుచేయలేరు. అంటే కనీసం ఇద్దరు.

కూర్చుని లెక్క వేశాను. నీలం దారం వచ్చిన పోగులు పది. వాళ్లకి ఏమీ లేదు. నీలం లేనివి పది. ఆ పదిలో నాదొకటి. దాన్ని తీసేసి, వీధిలో తొమ్మిది మంది అని రాసుకున్నాను. రాసి, ఆ తొమ్మిది వైపు ఎంతసేపు చూస్తూ కూర్చున్నానో తెలియదు. ఎందుకు తీసేశాను? ఆ డబ్బాలకి నేనెవరో తెలుసా? జబ్బు ఇద్దరికే అనుకుంటే, నీలం లేకుండా ఇద్దరు కలిసి సరిగ్గా ఐదు రంగులూ నింపే జతలు పదిహేను ఉన్నాయి. మళ్లీ మళ్లీ లెక్కపెట్టాను. పదిహేనే. వాటిలో మూడింట్లో నేనున్నాను.

ఊళ్లవాళ్లకి వందలో ఒకరు అని అంచనా వేసుకుని నిశ్చింతగా అన్నం తిన్నదాన్ని. నా వరకు వచ్చేసరికి ఐదింట ఒక వంతు. అసలు ఈ సర్వే పొడుగునా నా మొత్తంలో నేను ఎప్పుడూ లేను. జబ్బు వాళ్ల ముఖానికి ముఖం పెట్టి, దగ్గు ఎన్నాళ్లుగా ఉందని ఏడాదిగా అడుగుతున్న మనిషిని లెక్కలోంచి వదిలేశాను. లెక్క వేసేవాళ్లు బయట కూర్చుంటారని ఎవరు చెప్పారు నాకు? ఆ రోజుల్లో నేను సన్నబడ్డానని జలదంకిలో మా అమ్మ గోల పెడుతుండేది. కావలి పక్కన నాకు సంబంధం కుదిరి ఉంది. సన్నబడితే మంచిదేలే, ఫొటోల్లో బాగుంటానని నవ్వేదాన్ని. రాత్రుళ్లు పట్టే చెమటలు ఎండాకాలానివి అనుకున్నాను.

పల్లెకి పోయి చెప్పాం. నీలం దారం ఉన్నవాళ్లకి భయం లేదు. నీలం లేనివాళ్లు మంగళవారం ఆత్మకూరు ఆసుపత్రికి రావాలి. పోగు చూపిస్తే చాలు, పేరు అడగరు. చెబుతున్నప్పుడు నేను వాళ్ల ముఖాలు చూస్తూనే ఉన్నాను. ఒక్కరి కన్ను కదల్లేదు. అందరూ నా ముఖమే చూస్తున్నారు.

మంగళవారం బస్సు దిగినవాళ్లు తొమ్మిది మంది కాదు. వీధి మొత్తం దిగింది. నీలం ఉన్నవాళ్లూ లేనివాళ్లూ అందరూ, గుప్పిళ్లు మూసుకుని, వరసగా ఆసుపత్రి వరండాలో కూర్చున్నారు. వేరే పని మీద వచ్చినవాళ్లు వాళ్లని చూసి దూరంగా జరిగిపోయారు. డాక్టరుగారు ఒక్కొక్కరినే లోపలికి పిలిచి విడివిడిగా కళ్లె తీయించారు. డబ్బాకి పేరు బదులు పోగులోంచి ఒక ముక్క తుంచి కట్టారు. ఆఖరున నేను పోయాను. ఆయన తలెత్తి చూసి, నా డబ్బాకీ పోగు ముక్క కట్టారు.

ఆ వారం నేను దేవుడికి చేసిన ప్రార్థన ఇక్కడ రాయడానికి సిగ్గుగానే ఉంది. ఆ ఇద్దరూ ఆ వీధివాళ్లే కావాలి అని కోరుకున్నాను. నాకు నీళ్లిచ్చిన అవ్వ కావచ్చు, చంటిబిడ్డతో వరండాలో కూర్చున్న బాలింత కావచ్చు, ఎవరైనా సరే, నేను కాకపోతే చాలు. నేను చెడ్డదాన్ని కాను. కానీ ఆ వారం ఆ వీధి మొత్తాన్నీ నా ముందు అడ్డం నిలబెట్టుకున్నాను.

మళ్లీ మంగళవారం అందరికీ ఒకే రకం కవర్లు ఇచ్చారు. ఒకే సైజు, ఒకే గోధుమరంగు. జబ్బు లేనివాళ్ల కవర్లో బలం మాత్రలు, ఉన్నవాళ్ల కవర్లో అసలు మందు. లోపలికి పోయిన ప్రతివాళ్లూ కవరుతోనే బయటికి వచ్చారు. వరండాలో ఎవరూ ఎవరి చేతివైపూ చూసుకోలేదు. నా వంతు వచ్చింది. నా ఎరుపు, తెలుపు, నలుపు పోగులో మిగిలిన ముక్క బల్ల మీద పెట్టాను. నన్ను రోజూ ఆటపట్టించే మనిషి, నన్నెప్పుడూ చూడనట్టు, "ఆరు నెలలు. ఒక్కరోజు కూడా మానకూడదు" అని కవరు చేతికిచ్చారు.

కవరు పట్టుకుని బయటికి వచ్చాను. అవ్వ పక్కకి జరిగి చోటిచ్చింది. నా ముఖం చూసిందో, కవరు చూసిందో. "కూచో మ్మా" అంది. బస్సు వచ్చేదాకా వాళ్ల మధ్యే కూర్చున్నాను. అటూ ఇటూ వాళ్ల భుజాలు తగులుతుంటే, ఆ వీధి అంటే నాకు భయం పోయింది.

రెండో మనిషి ఎవరో నాకు ఈనాటికీ తెలియదు. ప్రతి నెలా వీధి మొత్తం వచ్చేది, కవర్లన్నీ పట్టుకుపోయేది. చివరి నెల దాకా ఒక్క కవరు కూడా మిగల్లేదు.

నా సంగతి చెప్పాలి. ఆ శనివారం జలదంకి పోయాను. పొద్దున పరగడుపున మాత్రలు మింగుతుంటే అమ్మ చూసింది. "ఏందిమే అయ్యి, అన్ని?" అంది. బలం మాత్రలు, ఆఫీసులో అందరికీ ఇచ్చారు అన్నాను. వారం రోజులుగా మనసులో అప్పజెప్పుకుంటున్న మాటే, తడబడకుండా వచ్చింది. అమ్మ పొయ్యి ముందు నుంచి లేచి, తడి చెయ్యి చీరకి తుడుచుకుని, చాపింది.

"నాకూ ఒకటియ్యి. మోకాళ్లు పట్టుకపోతన్నాయి."

ఆ చెయ్యి చూసి ఇంక అబద్ధం ఆడలేకపోయాను.

"వద్దమ్మా. ఇవి టీబీ మందులు. నాకు టీబీ ఉండాది."

అమ్మ చెయ్యి అలాగే చాచి ఉంది. ఏడవలేదు, ఎట్లా వచ్చిందని అడగలేదు. తర్వాత నన్ను దాటుకుని పోయి, ముందు వీధి తలుపు మూసింది.